మెట్రిక్ ట్యుటోరియల్‌లో నేను గెలిచిన బేరం

గూడూరులో నా మెట్రిక్ ట్యుటోరియల్ మొదలై మూడో ఏడు నడుస్తుండగా, నెలకు ఐదు రూపాయల దగ్గర పట్టుబట్టి, ఉన్న ఒక్క లెక్కల మాస్టారినీ సాగనంపాను. తల దించుకుని చెప్పే మాట కాదిది. మా ఇంట్లో ఇంత గట్టి బేరం ఎవరూ ఆడలేదు. మా తాత ఉప్పు అమ్మాడు, మా నాయన పప్పులూ బెల్లమూ అమ్మాడు. ఇద్దరూ ఏదో ఒక పూట కొనేవాడి ముఖం చూసి మెత్తబడ్డవాళ్ళే. నేను మెత్తబడలేదు. ఆయన నలభై అన్నారు, నేను ముప్పై అయిదు అన్నాను, ముప్పై అయిదు మీదే నిలబడ్డాను. ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నేను గెలిచాను.

గెలిచాక ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ మధ్య ఓపెన్ స్కూలు సెంటర్లలో పాఠాలు చెప్పడానికి చేరుతున్న కుర్ర మాస్టర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీ రోజుల్లో ఎట్లా ఉండేది సార్ అని అడుగుతుంటారు. నా దగ్గర ప్రమోషన్ల కథలు లేవు. నా ట్యుటోరియల్‌కు నేనే ప్యూనుని, నేనే ప్రిన్సిపాల్‌ని. నన్ను నేను ఎక్కడికని బదిలీ చేసుకోను? ఉన్నవి కొన్ని తప్పులు. వాటిలో పెద్దది ఇదే.

అమ్మకానికి చదువు

నయాపైసలు వచ్చిన కొత్తల్లో మాట. బడి మధ్యలో మానేసి పనిలో పడ్డవాళ్ళకు అప్పట్లో ఉన్న దారి ఒకటే: ప్రైవేటుగా మెట్రిక్ కట్టడం. బడికి పోనక్కరలేదు, హాజరు పట్టీ లేదు. దరఖాస్తు పెట్టుకుని, ఫీజు కట్టి, నెల్లూరు పోయి పరీక్ష రాసి రావడమే. పాసైతే పదో తరగతి పాసైనట్టే. ఆ కాగితం ఉంటే రైల్వేలో గ్యాంగు పని చేసేవాడు ఇంకో మెట్టు ఎక్కవచ్చు, బంట్రోతు గుమాస్తా కావచ్చు. చదువు చెప్పేవాళ్ళే కరువు. అక్కడే నాకు వ్యాపారం కనిపించింది.

ట్యుటోరియల్ పెట్టడానికి ఏ గుర్తింపూ అక్కరలేదు. ఒక బోర్డు, ఒక నల్లబల్ల, అలుపు లేని నోరు ఉంటే చాలు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మీకు అనుమానం రాకుండా. నేను ఎస్సెల్సీ, అంటే బడి ఆఖరి పరీక్ష, ఫెయిలు. లెక్కల్లో. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నోటి లెక్కల్లో బజారులో నన్ను మించినవాడు లేడు. అలాంటి నన్ను లెక్కల్లో తప్పించారంటే దిద్దినవాడికి మా కొట్లో ఏదో బాకీ ఉండి ఉంటుందని పదేళ్ళు నమ్మాను. బోర్డు మీద మాత్రం 'రమణయ్య, ప్రిన్సిపాల్' అని రాయించాను. ప్రిన్సిపాల్ అన్నవాణ్ణి నీ చదువెంత అని ఎవరడుగుతారు?

పని వేళలను బట్టి క్లాసులు పెట్టాను. నిమ్మకాయల మార్కెట్టులో వేలం ముగిసి కాటాలు కడిగి పెట్టేసరికి మధ్యాహ్నం అవుతుంది. మైకా షెడ్లలో అభ్రకం రేకలు విడదీసే ఆడవాళ్ళకు ఒక పూట ఉంటే ఇంకో పూట ఉండదు. అందుకని రెండు నుంచి నాలుగున్నర దాకా క్లాసు. వారంలో ఆరు రోజులు రాలేనివాళ్ళు మూడు రోజులు రావచ్చు. అయిదు సబ్జెక్టులు చెప్పించుకుంటే చరిత్ర కొసరు. అవును, కొసరే. మా నాయన బెల్లం తూచాక పిల్లవాడి చేతిలో ఒక ముక్క పెట్టినట్టు నేను చరిత్ర పెట్టాను.

క్లాసు జరిగేది మూతపడిన ఒక మైకా షెడ్డులో. అద్దె తక్కువని తీసుకున్నాను. నేల మీద ఎంత ఊడ్చినా అభ్రకం పొడి పోయేది కాదు. చాప మీద కూర్చుని లేచినవాళ్ళకు వెనకవైపు తళతళ మెరిసేది. పెద్ద వయసులో చదువుకుంటున్నామని ఊళ్ళో తెలిస్తే నవ్వుతారని దొంగచాటుగా వచ్చేవాళ్ళు నా విద్యార్థులు. బజారులో నడుస్తుంటే వెనక మెరుపు చూసి, "ఏందబ్బా, మెట్రిక్ కడతుండావా?" అని అడిగేవాళ్ళు. అద్దెలో నాలుగు రూపాయలు మిగిలాయి గానీ, సిగ్గుపడి మానేసినవాళ్ళ ఫీజు అంతకు మూడింతలు పోయింది. కుర్ర మాస్టర్లు ఇది గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్ళు చదువుకు భయపడరు, చూసేవాళ్ళకు భయపడతారు. క్లాసు ఎక్కడ పెడుతున్నారో పాఠం కంటే ముందు చూసుకోండి.

పదో అడుగు

శేషయ్య గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా, ఎండకూ వానకూ ఒకే గొడుగుతో ఉండేవారు. రెండేళ్ళు నా దగ్గర చెప్పారు. ఒక సెప్టెంబరులో, "రమణయ్యా, ఇంకో ఐదు వేసి నలభై చెయ్యి. బియ్యం ధర నాకంటే నీకే బాగా తెలుసు," అన్నారు.

బియ్యం ధర తెలుసు కాబట్టే, ఆయనకు ఈ పని ఎంత అవసరమో నాకు తెలుసు. "ముప్పై అయిదే సార్. అంతకు మించి కట్టుబడి కాదు," అన్నాను.

ఆయన లేచారు.

మా నాయన దగ్గర నేర్చుకున్న సూత్రం ఒకటుంది. కొనేవాడు కొట్టు దిగి వెళ్ళిపోతుంటే వెంటనే పిలవకూడదు, పిలిస్తే చులకన. పదో అడుగు దాకా చూడాలి. నిజంగా కావాలనుకున్నవాడు ఆ లోపే ఒకసారి వెనక్కు చూస్తాడు. చూడకపోతే పదో అడుగులో మనమే పిలవాలి. నేను లెక్కపెట్టాను. ఎనిమిది, తొమ్మిది, పది. ఆయన వెనక్కు చూడలేదు. నేను నాయన కంటే గట్టివాణ్ణని నిరూపించుకోవాలి కదా, పన్నెండు దాకా ఆగాను. గొడుగు వీధి మలుపు తిరిగింది.

ఇరవై ఏళ్ళు బేరాలాడినా నాకు తట్టని సంగతి ఒకటుంది. తాను బేరంలో ఉన్నానని తెలిసినవాడే వెనక్కు చూస్తాడు. ఆయన బేరం ఆడలేదు. తనకు కావలసినది చెప్పారు, ఇవ్వనన్నాను, వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి లెక్కలు నేనే చెప్పడం మొదలుపెట్టాను.

మార్తమ్మ

ఆ ఏడు నా దగ్గర పదమూడు మంది ఉన్నారు. అందరి గురించీ రాయను, ఇద్దరు చాలు. పెంచలయ్య నిమ్మకాయల మార్కెట్టులో కాటా దగ్గర మనిషి. పాతికేళ్ళవాడు, గట్టి గొంతు. రెండోది మార్తమ్మ.

మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. పద్నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే, తల్లి చేసిన ఆ ఉద్యోగంలోనే చేరింది. పక్కలు మార్చడం, గుడ్డలు ఉతకడం, బెడ్‌పాన్లు కడగడం. అక్కడి డాక్టరమ్మ ఈమె చురుకు చూసి, "మెట్రిక్ పాసై రా, నర్సు ట్రైనింగులో వేస్తాను," అందట. ఒకటే చిక్కు. చేరేనాటికి ముప్పై నిండి ఉండకూడదు. మార్తమ్మకు ఆ వచ్చే ఆగస్టుకు ముప్పై నిండుతాయి. ట్రైనింగుకు మనుషుల్ని ఎంచేది జులైలో. అంటే ఏప్రిల్ పరీక్షే ఆమెకు మొదటిదీ చివరిదీ.

నేను వ్యాపారస్తుణ్ణి, సులువైన దారి చెప్పాను. "పుట్టిన తేదీదేముందమ్మా, రెండేళ్ళు తగ్గించి రాద్దాం. మా ఇంట్లో అందరం జులై ఒకటినే పుట్టాం, బడిలో వేసిన రోజు."

"మాది బాప్తిస్మం పుస్తకంలో ఉంది సార్. పాస్టరు గారి చేతిరాత."

"ఆ పుస్తకం ఎవరు చూస్తారు?"

"డాక్టరమ్మ చూసింది సార్," అంది. ఇంక ఆ బేరం అక్కడితో సరి.

ఒకటిన్నరకు ఆమె డ్యూటీ దిగేది. ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా, చేతులకు డెట్టాల్ వాసనతో వచ్చి ముందు చాప మీద కూర్చునేది. లేచేటప్పుడు ఒక పాత తువ్వాలుతో చీర వెనక దులుపుకుని మరీ వెళ్ళేది. ఆసుపత్రిలో మిగతా ఆయాలు నవ్వుతారని.

జవాబు చెప్తే చాలదా

నేను లెక్కలు చెప్పిన తీరు వినండి. నల్లబల్ల మీద రాశాను: కిలో రెండు రూపాయల నలభై పైసలైతే ఏడున్నర కిలోలు ఎంత?

రాయడం ముగించక ముందే వెనక నుంచి పెంచలయ్య: "పద్దెనిమిది సార్!"

"శభాష్! ఎట్లా చేసినావ్?"

"ఏడింటికి పదహారు ఎనభై, అరకి ఒకటీ ఇరవై. దీనికి చెయ్యాల్సిందేముంది సార్, నోట్లోనే ఉంది గదా."

నా గుండె ఉప్పొంగింది. ఇలాంటి సరుకు పెట్టుకుని శేషయ్య గారు అరపలక నిండా 'ఒక కిలో వెల', 'కావున' అంటూ రాయించి రెండేళ్ళు వృథా చేశారనుకున్నాను. ఆ రోజు నుంచి నా పద్ధతి పెట్టాను. లెక్క చదువు, నోట్లో చెయ్యి, జవాబు రాయి, కింద గీత గీయి, ఇంకో లెక్కకు పో. వడ్డీ లెక్కలు, భాగస్వామ్యం లెక్కలు, తొట్టికి పెట్టిన కొళాయిలు, అన్నీ అంతే. రేఖాగణితంలో ఇంకా ముందుకు పోయాను. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై అని ప్రపంచానికంతా తెలుసు. తెలిసినదానికి మళ్ళీ రుజువు రాయడమేమిటి? కందిపప్పు కందిపప్పేనని ఎవరైనా రుజువు అడుగుతారా?

పదమూడు మందిలో ఒక్క మనిషి చెయ్యెత్తింది.

"సార్, చేసిన విధం రాయొద్దా?"

"ఎందుకమ్మా? కొనేవాడికి ధర చెప్తే చాలదా? ఎట్లా కట్టినామో లెక్క చూపించాల్నా?"

"వార్డులో మంచానికి ఛార్టు కట్టి ఉంటది సార్. ఎన్ని గంటలకి ఏం మందిచ్చినారో, జొరం ఎంత దిగిందో, అన్నీ రాస్తారు. 'బాగుంది' అని ఒక్క మాట రాసిపెట్టి పోతే, తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టరు ఏం చేస్తది?"

"ఇది ఆసుపత్రి కాదమ్మా, పరీక్ష. పేపరు దిద్దేవాడికి జొరం రాదులే," అన్నాను. అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. మార్తమ్మ తల వంచుకుని, జవాబు రాసి, కింద గీత గీసింది.

కుర్ర మాస్టర్లకు ఒక మాట. పెద్దవయసు విద్యార్థి చెయ్యెత్తితే పాఠం ఆపండి. ఆ మనిషి బతికిన పనిలోంచి వస్తున్న ప్రశ్న అది. నేనేమో అది నా దగ్గర సరుకు లేదని ఎత్తిచూపడం అనుకున్నాను. కొట్లో లేని సరుకు గురించి అడిగితే నవ్వి మాట మార్చాలని మా నాయన నేర్పాడు.

ఏప్రిల్‌లో పదమూడు మందినీ పాసింజరు బండిలో నెల్లూరు తీసుకుపోయాను. లెక్కల పరీక్ష నాడు చెట్టు కింద నిలబడి ఉంటే, ముప్పావు గంటకే పెంచలయ్య మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాడు.

"అయిపోయిందా అప్పుడే?"

"ఎప్పుడో ముగించేసినా సార్. పక్కనోడు ఇంకా రాస్తానే ఉండాడు, పాపం. ఎవురి దగ్గర చదివినాడో ఏమో."

ఇద్దరం పోయి దోసెలు తిన్నాం. దోసెల డబ్బులు వాడే ఇచ్చాడు, గురుదక్షిణ అని.

మార్తమ్మ అందరికంటే ఆఖరున, బెల్లు కొట్టాక వచ్చింది. ఎట్లా రాశావని అడిగితే, "చూడాల సార్," అంది.

పదమూడు మూటలు

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పదమూడు మందీ ఫెయిలు. అందరూ లెక్కల్లోనే. తెలుగు, ఇంగ్లీషు, కొసరుగా పెట్టిన చరిత్ర, అన్నీ పాసయ్యారు. పెంచలయ్యకు లెక్కల్లో తొమ్మిది మార్కులు.

దిద్దినవాడికి నా మీద పగ అని ఇంట్లో అరిచాను. మా నాయన కొట్టు ముందు ఖాళీ గోనెలు మడత పెడుతున్నాడు, పని ఆపలేదు.

"రవణా, ఒక మూట తడిస్తే వాన అనుకుంటా. పదమూడు మూటలకీ పదమూడూ తడిసినాయంటే వానని అనేదేం లేదురా. కప్పు చూసుకో."

ఆ మధ్యాహ్నం షెడ్డుకు అందరూ వచ్చారు. పెంచలయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మార్తమ్మ తన మార్కుల కాగితం నా బల్ల మీద పెట్టింది. లెక్కల్లో ముప్పై ఒకటి. ముప్పై అయిదు వస్తే పాసు. నాలుగు తక్కువ.

"నీకెట్లా వచ్చినాయమ్మా ఇన్ని?" అని అడిగాను. ఓదార్చాల్సిన చోట అడిగిన ప్రశ్న అది.

"మీ మాట వినలేదు సార్," అంది నెమ్మదిగా. "కొన్నిటికి మీరు చెప్పినట్టు జవాబు ఒకటే రాసినా. నాలుగు లెక్కలకి మాత్రం మనసొప్పక విధమంతా రాసినా. ఆ నాలుగుకే పడుంటాయి మార్కులు. మిగతా జవాబులన్నీ కరెక్టే సార్, ఇంటికొచ్చి మళ్ళీ చేసి చూసుకున్నా."

అప్పటికి నాకు అర్థమైంది. ఇంకొక్క లెక్కలో నా మాట వినకపోయి ఉంటే ఆ మనిషి పాసయ్యేది. నా ఎస్సెల్సీ లెక్కల పేపరు పదేళ్ళ తర్వాత కళ్ళ ముందుకొచ్చింది. తెల్లటి కాగితం మీద ఎనిమిది జవాబులు, ఎనిమిది గీతలు. పాపం, ఆ దిద్దినాయనకు మా కొట్లో ఏ బాకీ లేదు. నేనెందుకు తప్పానో తెలుసుకోకుండానే, ఆ తప్పడం ఎట్లాగో పదమూడు మందికి ఏడు నెలలు శ్రద్ధగా నేర్పాను.

ఉత్తరం

జులై మొదటి వారంలో ఒక సోమవారం మార్తమ్మ తెల్ల కాగితం పట్టుకుని వచ్చింది.

"డాక్టరమ్మతో మాట్లాడినా సార్. ఒక్క సబ్జెక్టే గదా, అక్టోబరు పరీక్షలో కట్టుకోవచ్చు, ఇప్పుడు చేర్చుకోమని కమిటీలో అడుగుతానంటుండాది. కాకపోతే నా చేతగాక ఫెయిల్ కాలేదని మాస్టరు రాసియ్యాలంట. శుక్రవారం కమిటీ కూర్చుంటది. ఆ లోపల కావాల సార్."

"ఓస్, అంతే గదా," అన్నాను. కలం తీశాను. "'లెక్కల బోధనలో పొరపాటు జరిగినది' అని రాస్తున్నా."

"ఎవురివల్ల అని అడుగుతారు గదా సార్."

"'ట్యుటోరియల్‌లో పొరపాటు జరిగినది.'"

"ట్యుటోరియల్ అంటే ఈ రేకుల షెడ్డా సార్?"

"సరే. 'విద్యార్థులకు అర్థమయ్యేటట్లు చెప్పలేకపోయాను.'"

"బాగా అర్థమయింది సార్! మీరు చెప్పింది మాకు అచ్చంగా అర్థమయింది. అదే గదా కొంప ముంచింది."

వెనక పెంచలయ్య ఫక్కున నవ్వాడు. ఫలితాలు వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. చివరకు 'తప్పు నాది' అన్న మాట దగ్గర బేరం తెగింది. అది రాశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఆ మాట రాయడం నేననుకున్నంత కష్టంగా లేదు.

అప్పుడు మార్తమ్మ అంది: "కింద సంతకం పక్కన మీ చదువు రాయండి సార్. ఏం పాసయినారో. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

కలం ఆగిపోయింది. తప్పు చేశానని ఒప్పుకుంటే మంచి మనిషంటారు. ఎస్సెల్సీ ఫెయిలైనవాడు మెట్రిక్ చెబుతున్నాడని తెలిస్తే రేపు షెడ్డు మూత పడుతుంది. "మంచి కాగితం మీద, ముద్ర వేసి ఇస్తా. ఎల్లుండి రామ్మా," అన్నాను.

బుధవారం వచ్చింది. ముద్ర ఇంకా తయారు కాలేదన్నాను. చదువు సంగతి ఎందుకు, బోర్డు మీద ప్రిన్సిపాల్ అని ఉంది కదా, అది రాస్తే చాలదా అన్నాను.

"శుక్రవారం సార్," అంది.

ఇక్కడ మళ్ళీ నా పుట్టుక అడ్డొచ్చింది. 'ఈ రోజే ఆఖరు' అన్న మాట మా కొట్లో రోజుకు పదిసార్లు నేనే అంటాను. అది కొనేవాణ్ణి తొందరపెట్టడానికి వాడే మాట. నిజంగా ఆఖరి రోజంటూ ఎక్కడా ఉండదని నా నమ్మకం. మార్తమ్మ లేచి వెళ్ళిపోతుంటే అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టాను. ఆమె వెనక్కు చూడలేదు. నేను పిలవలేదు. గురువారం ఆమే వచ్చి, చదువు రాయకపోయినా ఫరవాలేదు సార్ అంటుందని కూర్చున్నాను. రాలేదు. శుక్రవారం సాయంత్రం దాకా గుమ్మం వైపు చూశాను.

శనివారం పొద్దున్నే నేనే ఆసుపత్రికి పోయాను. ఆమె వెనక దొడ్లో దుప్పట్లు ఆరేస్తోంది. ఉత్తరం ఇచ్చాను. సంతకం కింద రాశాను: ఎస్సెల్సీ ఫెయిల్, లెక్కలు.

తడి చేతులు కొంగుకు తుడుచుకుని చదివింది. నవ్వలేదు. "ఇందుకా సార్, అయిదు రోజులు?" అంది.

"ఇప్పుడిచ్చినా గదమ్మా."

"నిన్ననే అయిపోయింది సార్."

చెయ్యి చాపాను, ఉత్తరం తిరిగి తీసుకుందామని. ఆమె మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"నా దగ్గరే ఉండనీండి. మీ దగ్గరుంటే చింపేస్తారు."

చాప మీద

అట్నుంచి అటే శేషయ్య గారింటికి పోయాను. ఆయన అరుగు మీద గొడుగు కమ్మీ బాగు చేసుకుంటున్నారు. జరిగిందంతా చెప్పాను.

"నలభై ఇస్తాను సార్, రండి."

"అక్కర్లేదు."

"నలభై అయిదు."

"నువ్వు మారవు గదరా! ముప్పై అయిదే ఇయ్యి. కానీ లెక్కల క్లాసులో నువ్వు ఆ చాప మీద కూర్చోవాల. అక్టోబరులో వాళ్ళతోపాటు పరీక్ష రాయాల. ఒప్పుకుంటే చెప్పు, లేదంటే ఎండ ఎక్కకముందే ఇంటికి పో."

పదమూడు మందిలో తొమ్మిది మంది తిరిగి వచ్చారు. పదోవాణ్ణి నేను. ఆగస్టులో మార్తమ్మకు ముప్పై నిండాయి. ఆ రోజు కూడా రెండింటికి వచ్చి ముందు చాప మీద కూర్చుంది. ట్రైనింగు లేదని తెలిసీ ఇంకా ఎందుకు వస్తున్నావమ్మా అని అడగబోయాను; అడగకపోవడం ఆ ఏడాది నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అడగకుండానే ఒక రోజు పెంచలయ్యతో చెబుతుంటే విన్నాను: "ముప్పై ఒకటి దగ్గర ఆగిపోతే నిద్ర పట్టదు పెంచలయ్యా."

శేషయ్య గారు నా పలక తీసుకుని చూసేవారు. "జవాబు బాగుంది. పక్కవాడి దాంట్లో చూసి రాసినావా?"

"లేదు సార్!"

"లేదని నాకెట్లా తెలుస్తుంది? చూపించు."

విధం రాయడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. నోట్లో రెప్పపాటులో అయ్యేదాన్ని చేత్తో ఏడు వరుసల్లో పెట్టాలి. మధ్యలో ఒక వరుస మింగేసేవాణ్ణి. మార్తమ్మ పక్కనుంచి వేలు పెట్టి చూపించేది: "ఈడ ఒక మందు ఇచ్చినట్టు రాయలేదు సార్." సాయంత్రం బజారులో నడుస్తుంటే నా పంచె వెనక అభ్రకం మెరిసేది. తోటి వర్తకులు పిలిచి మరీ చూపించేవాళ్ళు. ప్రిన్సిపాల్ మెట్రిక్ కడుతున్నాడని ఊరంతా తెలిసింది. షెడ్డు మూత పడలేదు. పైగా, ఆయనకే సిగ్గు లేనప్పుడు మనకెందుకని ఇంకో ఆరుగురు చేరారు. నేను అయిదు రోజులు దాచింది చివరకు నా బోర్డు కంటే బాగా పనిచేసింది.

అక్టోబరులో రాశాం. లెక్కల్లో మార్తమ్మకు డెబ్భై రెండు. పెంచలయ్యకు నలభై ఒకటి. నాకు ముప్పై ఎనిమిది.

"మీకంటే మూడెక్కువ సార్," అన్నాడు పెంచలయ్య. చనిపోయేదాకా ఎక్కడ కనపడినా అదే మాటతో పలకరించాడు.

బిల్లు

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ట్యుటోరియల్ నడిపాను. ఎన్ని వందల మంది పాసయ్యారో ఎవరైనా అడిగితే చెప్పడానికి నోరు ఊరుతుంది, చెప్పను. ఈ బిల్లు వాళ్ళది కాదు.

మార్తమ్మ కథ చాలా సభల్లో చెప్పాను. నా తప్పు వల్ల ఫెయిలైంది, పట్టుదలతో డెబ్భై రెండు తెచ్చుకుంది, వయసు దాటిపోయి నర్సు కాలేకపోయింది పాపం అని చెప్పేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. అంటే అన్నేళ్ళూ జవాబు చెప్పి కింద గీత గీశాను. విధం ఇప్పుడు రాస్తున్నాను.

శేషయ్య గారికి నెలకు ఇవ్వని నలభై రూపాయలు, సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలు: నాకు మిగిలింది రెండు వందల ఎనభై రూపాయలు.

ఆయన అడిగిన ఆ ఐదు ఇచ్చి ఉంటే మార్తమ్మ ఏప్రిల్‌లోనే పాసయ్యేది. ఆ తప్పు తెలియక చేసింది. సగం కొట్టివేయమంటే కొట్టివేయవచ్చు.

ఉత్తరం సోమవారం ఇచ్చి ఉంటే కమిటీ చేర్చుకునేదో లేదో ఎవరూ చెప్పలేరు. అడిగే అవకాశమైతే ఉండేది. బుధవారం ఇచ్చినా ఉండేది. ఈ తప్పు తెలిసి చేసింది. ఇందులో కొట్టివేత లేదు.

మెట్రిక్ పాసైనందుకు ఆమెను ఆసుపత్రి రికార్డుల గదిలో వేశారు. పాత ఛార్టులు వరుసగా కట్టి పెట్టే పని. రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఆమె కంటే పదేళ్ళు చిన్నపిల్లలు ట్రైనింగై తెల్ల బట్టల్లో వచ్చి ఛార్టులు అడిగేవాళ్ళు. వాళ్ళు ఆమెను అక్కా అనేవాళ్ళు. ఆమె వాళ్ళను సిస్టర్ అనేది.

రిటైరైన రోజు పలకరించడానికి పోయి, ఆ ఉత్తరం ఉందా అమ్మా అని అడిగాను. "ఉంది సార్," అంది. చూపించలేదు. నేనూ అడగలేదు.

నా వైపు వచ్చినవి: రెండు వందల ఎనభై రూపాయలు, మెట్రిక్ పాసు, పేరున్న ట్యుటోరియల్, సభల్లో చెప్పుకోవడానికి ఒక కథ. ఆమె వైపు పోయినవి: నాలుగు మార్కులు, ఒక శుక్రవారం, ఒక తెల్ల యూనిఫారం.

లాభం మొత్తం నాది. నష్టం మొత్తం మార్తమ్మది. రెండుసార్లు కూడి చూశాను, నోట్లో ఒకసారి, కాగితం మీద ఒకసారి. అంతే వస్తోంది.